పొద్దున్నే కొత్తదయ్యే మిషను

కంప్యూటరు మెకానిక్కు అంటే ఆ వీధిలో అందరికీ అతనే. చెప్పులు కుట్టే కొట్టుకీ కళ్లజోళ్ల కొట్టుకీ మధ్య, అగ్గిపెట్టెంత గదిలో కూర్చుని, చచ్చిపోయిన డిస్కుల్లోంచి జనం ఫోటోలూ లెక్చరర్ల పాఠాలూ తవ్వి తీసి ఇస్తుంటాడు. పనిమంతుడే, కాదనను. కానీ పనిమంతులకో జబ్బుంటుంది చూశారూ, తాము చేసిన పనిలో తప్పుంటుందన్న ఆలోచన వాళ్ల గడప తొక్కదు. డబ్బాలో పడింది ఎక్కడికీ పోదండీ, వెతకడం చేతకావాలి గానీ అని వచ్చినవాళ్లందరికీ ఓ ఉపన్యాసం ఇచ్చి మరీ పంపిస్తాడు.

ఇంట్లో మాత్రం అతను చిన్నోడు. జుట్టు సగం తెల్లబడ్డా, పొట్ట ముందుకొచ్చినా, అక్కకి చిన్నోడే.

అమ్మ పోయేనాటికి వాడింకా పాకుతున్నాడు. నాన్న అంతకుముందే ఎటో వెళ్లిపోయాడు, మళ్లీ ముఖం చూపించలేదు, ఆయన సంగతి మనకిక్కడ అనవసరం. అక్క అప్పటికి బడికెళ్లే పిల్ల. బడి మానేసి ప్రెస్సులో చేరింది. మొదట కాగితాలు మడతపెట్టింది, తర్వాత టైపు నేర్చుకుంది, కంప్యూటర్లు వచ్చాక కంపోజింగ్ అంతా తన చేతిమీదే నడిచింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే ముందు వీడు ఒడ్డున పడనీ అనేది. వాడు ఒడ్డున పడేసరికి ఆ మాట ఎత్తేవాళ్లే లేకపోయారు.

అమ్మకి ఒక్క ఫోటో కూడా లేదు. నల్లగా ఉండేదో తెల్లగా ఉండేదో, కోపిష్టో నవ్వులమనిషో చిన్నోడికి తెలీదు. అమ్మ అన్నది ఎక్కడైనా మిగిలుందంటే అక్క బుర్రలోనే. అడగాలనుకునేవాడు. అక్క ఎక్కడికి పోతుంది, ఉందిగా, తీరిగ్గా అడగొచ్చులే అని ఊరుకునేవాడు. మనందరం చేసే పనే లెండి, అతన్నొక్కణ్నీ తిట్టి లాభం లేదు.

ఇంతలో అక్కకి మతిమరుపు మొదలైంది. వయసుతో వచ్చేది కాదు. అక్కకి అంత వయసూ లేదు. పొయ్యిమీద గిన్నె మాడిపోయేది. చెంచాని చెంచా అనడానికి మాట దొరక్క, "అదేరా, తిప్పేది" అనేది. ఓ రోజు ఎప్పుడో మూతపడ్డ ప్రెస్సుకి ముస్తాబై వెళ్లి, తాళం ముందు నిలబడిపోయింది. డాక్టరు ఏవేవో పరీక్షలు చేయించి, ఇది తగ్గేది కాదు, ఎంత నెమ్మదిగా వస్తే అంత అదృష్టం అన్నాడు.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్క చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"చిన్నోడా, అమ్మ సంగతులన్నీ నా దగ్గరే ఉండిపోయాయిరా. నీకు పంచింది లేదు. అవి కూడా పోయేలోగా రాసిచ్చేస్తాను. నోటితో అయితే మాట అందట్లేదు. చేత్తో అయితే వస్తుంది."

అతను తలూపాడు. దిగాల్సిన చోటు దాటిపోయినా ఇద్దరూ చూసుకోలేదు.

ఇక ఆ మెకానిక్కు హడావుడి చూడాలి. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు అక్కకి పనికిరాదు. దాని దగ్గర అప్పటికే ఓ దెబ్బ తగిలింది. తెరమీద ఎర్రటి అక్షరాలతో మీ కంప్యూటర్లో పురుగు పడింది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని వస్తే, పాపం అక్క చేసింది. అవతల ఎవడో అమ్మా అమ్మా అంటూ తియ్యగా మాట్లాడి, ఎక్కడో కూర్చుని లోపలికి దూరి, ఉన్నదంతా కెలికిపోయాడు. అక్క వారం పాటు ఆ గది వైపు చూడలేదు. అందుకని చిన్నోడు పంతం పట్టాడు. దొంగవెధవ ఎవడూ దూరలేనిది, అక్క ఏం నొక్కినా పాడవనిది, అక్క చేతికి ఒదిగేలా మలుచుకోగలిగినది, అలాంటి సిస్టం పెట్టి తీరాలి అన్నాడు. అలా మలుచుకోవాలంటే లైనక్సే.

లైనక్సంటే కంప్యూటరుని నడిపే సిస్టమే గానీ, ఒకటి కాదు. లోపల ఏముందో అందరికీ విప్పి చూపిస్తారు కాబట్టి, ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చి తలా ఓ పేరు పెట్టి పంచుతారు. ఊరికే దొరుకుతుంది, కానీ ఏది తీసుకోవాలో తేల్చుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. మొదట పెట్టింది చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా బొమ్మలు చోటు మార్చేసుకునేవి. నిన్న కుడిపక్క ఉన్నది ఇవాళ ఎడమపక్కకి పోతే అక్క ఏమైపోవాలి? రెండోది కట్టుదిట్టమైనదే, ఎంత కట్టుదిట్టమంటే అడుగడుగునా పాస్‌వర్డ్ అడిగేది. అక్క దాన్ని అరచేతిలో పెన్నుతో రాసుకుని, అంట్లు తోముతూ కడిగేసుకుంది. మూడోది తేలిగ్గా, చురుగ్గా ఉంది గానీ తెలుగు దగ్గర చతికిలపడింది. ఒత్తులు ఊడి పక్కన పడేవి. అక్క ఆ తెరవంక ఒక్కసారి చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది. అక్షరం విరిగిపోతోందిరా, దీనిమీద నేను చెయ్యను అని లేచిపోయింది. మాటలు మరిచిపోతున్న మనిషికి కూడా విరిగిన ఒత్తు కంటపడగానే ఒళ్లు మండింది. ఎంతైనా ప్రెస్సు మనిషి.

"ఆడపిల్లకి సంబంధాలు చూస్తున్నట్టు చూస్తున్నారు" అని అతని భార్య వేళాకోళం చేసింది. ఆవిడ మందుల కొట్టులో పని చేస్తుంది. నోరు కాస్త ఘాటే గానీ వదినంటే ప్రాణం.

నాలుగోదానికి సంబంధం కుదిరింది. మామూలు ఇళ్లల్లో పెట్టుకునే రకం కాదది, జనం వచ్చిపోయే చోట్లకి పనికొచ్చేది. మలుచుకున్నవాడికి మలుచుకున్నంత. పొద్దున్న మిషను వెయ్యగానే మనం ఎలా అమర్చి పెట్టామో అలాగే తెరుచుకుంటుంది. పగలంతా ఎవరేం పీకినా, ఏం చెరిపినా, ఏ పురుగు దూరినా, సాయంత్రం కట్టేస్తే సరి, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మర్నాడు మళ్లీ కొత్తదే. దాచుకోవాల్సినవి ఉంటే ఒక ఫోల్డరుని విడిగా చూపించి, దీని జోలికి రాకు అని చెప్పుకోవాలి. అది ఒక్కటే మిగులుతుంది. అక్క కోసమే పుట్టిందిరా ఇది అనుకున్నాడు చిన్నోడు. ఆ పూట అతని సంతోషం చూస్తే మీకూ ముచ్చటేసేది.

అన్నిటికన్నా కష్టమైంది కీబోర్డు. అక్కకి వచ్చింది పాత టైపు మిషను పద్ధతి. ఏ మీట ఏ అక్షరమో ఇప్పటి సిస్టంలో పెట్టిలేదు, ఒక్కోటీ తనే చెప్పాలి. అక్కా, 'క్ష' ఎక్కడుండేది అంటే తెల్లముఖం వేసింది. 'ఘ' ఎక్కడ అంటే ఏడుపొచ్చేసింది. అప్పుడు అతనికి తట్టింది. అడగడం మానేసి, అక్కా, 'పరీక్ష' అని కొట్టు అన్నాడు. వేళ్లు టకటకా వెళ్లిపోయాయి. 'మేఘం' కొట్టు అన్నాడు. వెళ్లిపోయాయి. అతను పక్కన కూర్చుని ఏ వేలు ఎక్కడ పడిందో చూసుకుంటూ ఒక్కో అక్షరాన్నీ దాని చోట కూర్చోబెట్టాడు. రెండు ఆదివారాలు పట్టింది. అక్క ఆ రెండు రోజులూ పాత అక్కే. తమ్ముణ్ని వెక్కిరించింది, వేలు ఎత్తి కొట్టరా, దున్నపోతులా మోపకు అని కసిరింది కూడా.

ఈ పనంతా అతను ఆ మిషనులో తన పేరుమీద ఉన్న అకౌంటులో చేశాడు. ఫోల్డరు మిగులుతోందో లేదో అందులోనే పరీక్షించాడు. ఏదో నాలుగు ముక్కలు రాసి, కట్టేసి, మళ్లీ వేస్తే నిక్షేపంలా ఉన్నాయి. చివర్న అక్క పేరుమీద కొత్త అకౌంటు తెరిచి, తనది తీసేశాడు. ఒక్క తలుపే ఉంటే అక్క తికమకపడదని. తెరమీద పెద్ద పెద్ద అక్షరాలు, రెండే బొమ్మలు. ఒకటి రాసుకోవడానికి, ఒకటి పాటలకి.

అక్క ఓ షరతు పెట్టింది. అడక్కుండా తొంగిచూడకూడదు. ప్రెస్సులో అదో కట్టుబాటు. పూర్తికాని ప్రూఫు ఎవరికీ చూపించరు, చూపిస్తే పని చెడుతుందంటారు. అయ్యాక నేనే పిలుస్తాను అంది. సరే అన్నాడు.

పొద్దున్నే మొగుడూ పెళ్లాలిద్దరూ పనులకి పోయేవాళ్లు. కింది వాటాలో ఉండే పెద్దావిడ మధ్యమధ్య పైకొచ్చి చూసి వెళ్లేది. సాయంత్రానికి అక్క రాసేది మూసేసి, కీబోర్డు మీద గుడ్డ కప్పి లేచేది. కొట్టు కట్టేసి వచ్చాక మిషను ఆపే పని తమ్ముడిది.

కొన్నాళ్లకి ఓ పొద్దున్నే అక్క అడిగింది, నిన్న రాసింది కనబడట్లేదు, ఎక్కడ పెట్టావురా అని. అతను చూశాడు. ఫోల్డరు ఖాళీ. నువ్వు ఇంకా మొదలుపెట్టలేదేమోనక్కా అన్నాడు. అక్క నవ్వి, భలేవాడివే, నాలుగు పేజీలయింది అంది. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. ఒకటో రెండో రోజులు కోప్పడింది. నా కళ్లతో నేను చూసుకున్నాను, చేత్తో కొట్టాను, లేదంటావేంరా అంది. కింది వాటా పెద్దావిడ కూడా అంది, పగలంతా టకటకలు వినబడుతూనే ఉంటాయి బాబూ అని. భార్య అయితే, ఓసారి మిషను విప్పి చూడకూడదూ, ఏ పుట్టలో ఏ పాముందో అంది.

అతను విననైనా లేదు. పరీక్షించి పెట్టిన సిస్టం అది. డాక్టర్ని అడిగితే, ఇది మామూలేనండీ, చెయ్యని పని చేశామనుకుంటారు, చేతులు అలవాటుకొద్దీ ఆడుతుంటాయి, గట్టిగా వాదించకండి, మెల్లగా నచ్చజెప్పండి అన్నాడట. తాను పెట్టిన తాళం మీద అనుమానం రాలేదు మహానుభావుడికి, అక్క బుర్రమీద వచ్చింది.

మెల్లగానే నచ్చజెప్పాడు. కోప్పడలేదు, విసుక్కోలేదు, ఆ పుణ్యం కట్టుకున్నాడు. ఓ పొద్దున్న, కొట్టుకి పోయే ముందు, మిషను వేసి అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఫోల్డరు తెరిచి ఖాళీ తెర చూపించాడు.

"చూడక్కా. ఏమీ లేదు. నువ్వు రాయలేదు. రాద్దామనుకున్నావు, అంతే. ఫర్వాలేదు."

అక్క ఆ తెల్లటి తెరవంక ఎంతసేపో చూసింది. చివరికి, "అంతేనేమోరా" అంది. "ఊరికే నిన్ను విసిగించాను."

ఆ తర్వాత అక్క ఆ కుర్చీలో కూర్చోలేదు. కూర్చోమంటే, దేనికిలే, నాకు రాదుగా అనేది. ఉతికిన బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టేది. డాక్టరు చెప్పినదానికన్నా తొందరగానే జారిపోయింది. మాటలు పోయాయి, మనుషులు పోవడం మొదలైంది. మరదల్ని ఓ రోజు నర్సమ్మా అని పిలిచింది. ఆవిడ వంటింట్లోకెళ్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

అలా ఏడాది గడిచిందో ఏమో, కొట్టుకి లైబ్రరీ ఆవిడ వచ్చింది. చదువుకునేవాళ్ల కోసం నాలుగు కంప్యూటర్లు పెడుతున్నారట. వచ్చినవాళ్లల్లా పాడుచేస్తారు, దొంగలు దూరకుండా, మాకు కావలసినట్టు మార్చుకునేలా ఏది మంచిదో చెప్పు అంది. మెకానిక్కు ముఖం వెలిగిపోయింది. దానికోసం వెతకక్కర్లేదండీ, మా అక్కకి పెట్టిందే ఉంది, బంగారం లాంటిది అన్నాడు. ఇంటికెళ్లి అక్క మిషనులో ఉన్నదున్నట్టు కాపీ తెచ్చి, ఒక కంప్యూటర్లో పెట్టాడు. మర్నాడు ఆవిడ వస్తే ఎదురుగా కూర్చోబెట్టి అన్నీ చూపించాడు.

ఆవిడ జాగ్రత్త మనిషి. పిల్లలెవరైనా ఓ వ్యాసం సగం రాసి వెళ్లి మర్నాడు వస్తే ఉంటుందా అని అడిగింది. ఎందుకుండదండీ, దానికో ఫోల్డరుంది, ఈ చేతుల్తోనే పెట్టాను అని, అందులో ఏదో ఓ ముక్క రాసి దాచాడు. మిషను ఆపాడు. మళ్లీ వేశాడు. ఫోల్డరు తెరిచాడు.

ఖాళీ.

నవ్వాడు. దాచడం మరిచానేమో అన్నాడు. మళ్లీ రాసి, ఆవిడ చూస్తుండగా దాచి, ఆపి, వేశాడు. ఖాళీ. ఈసారి నవ్వలేదు. లోపలికెళ్లి చూశాడు. వదిలెయ్యమని చెప్పిన ఫోల్డరు పేరు అక్కడ రాసే ఉంది. కానీ అది అతని పాత అకౌంటులోది. ఎప్పుడో తీసేసిన అకౌంటు. అక్క పేరుమీద కొత్తది తెరిచినప్పుడు ఆ ఒక్క వరసా మార్చలేదు. మరిచిపోయాడు. ఆ ఇంట్లో మరిచిపోయేది అక్క ఒక్కతే అనుకున్నారు కదూ అంతా.

లైబ్రరీ ఆవిడ ఏమైంది బాబూ అంటోంది. అతనికి వినబడట్లేదు. అక్క రాసింది. రోజూ రాసింది. రోజూ పొద్దున్న వచ్చి, నిన్నటిది కనబడక, మళ్లీ అమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం తనే, తన చేత్తోనే మీట నొక్కి ఆపాడు. కంచే చేను మేసిందంటే ఇదే. ఊళ్లోవాళ్ల డిస్కుల్లోంచి ఏళ్లనాటి ఫోటోలు తవ్వి తీసే మొనగాడికి తెలుసు, ఇక్కడ తవ్వడానికి ఏమీ లేదని. డిస్కుమీద పడితే కదా ఆనవాలుండేది. కరెంటు ఉన్నంతసేపే ఉండి, పోగానే పోయే చోట ఉన్నాయి అమ్మ సంగతులన్నీ. ఆ సిస్టంలో తప్పేమీ లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

అది కూడా కాదండీ అతన్ని కోసేసింది. అక్క నిజం చెబుతుంటే, పక్కన కూర్చోబెట్టుకుని, ప్రేమగా, నీ బుర్ర చెడిందక్కా అని నమ్మించాడు. చెడని రోజుల్లోనే నమ్మించాడు. అంత చదువుకున్న డాక్టరు చెప్పినా తొణకని మనిషి తమ్ముడు చెబితే నమ్మేసింది.

కొట్టు తలుపు దగ్గరగా వేసి, ఆవిడకి ఏం చెప్పాడో తనకే తెలీకుండా, ఇంటికి నడిచాడు. దారిలో కళ్లజోళ్ల కొట్టాయన పలకరిస్తే ముఖం తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం ఎండ గదిలోకి వచ్చింది. అక్క మంచంమీద కూర్చుని తువ్వాలు మడతపెడుతోంది. ఆ రోజు కాస్త తేటగానే ఉంది. చిన్నోడిని చూసి, ఎవరనుకుందో ఏమో, చోటిచ్చి జరిగింది. అతను కింద కూర్చుని, అక్క మోకాళ్లు పట్టుకుని, ఏడుస్తూ చెప్పేశాడు.

"అక్కా, నువ్వు రాశావే. నువ్వు చెప్పిందే నిజం. నేనే చెరిపేశాను. రోజూ నేనే చెరిపేశాను. నువ్వు రాయలేదని అబద్ధం చెప్పాను."

అక్క తువ్వాలు పక్కన పెట్టి అతని తలమీద చెయ్యి వేసింది. ఎంత అర్థమైందో చెప్పలేను. ముఖంలో మాత్రం ఏదో తేలికపడ్డట్టు కనిపించింది.

"రాశానా? నేనే?"

"నువ్వేనక్కా. అమ్మ గురించి రాశావు."

"అవునా?" అంది అక్క. కుతూహలంగా ముందుకు వంగింది. "ఎలా ఉండేదిరా అమ్మ? చెప్పు."

చిన్నోడు తలెత్తాడు. ఆ ప్రశ్న తను అడగాల్సింది. జీవితమంతా అడక్కుండా దాచుకున్నాడు. జవాబు లోకంలో ఒక్కరి దగ్గరే ఉండేది, ఆ ఒక్కరూ ఇప్పుడు తన ముఖంలోకి చూస్తూ తననే అడుగుతున్నారు. తెలీదని చెబుదామని నోరు తెరిచాడు. అక్క కళ్లలో ఆ ఆశ చూసి చెప్పలేకపోయాడు. తెలియని అమ్మని ఎక్కణ్నుంచి తెస్తాడు? తెలిసినామె ఒక్కతే ఉంది.

"సన్నగా ఉండేది" అన్నాడు. "గట్టిగా నడిచేది. నన్ను పనికి తీసుకెళ్లి, కాగితం కట్టలమీద పడుకోబెట్టేది. చేతులకి ఎప్పుడూ సిరా వాసన. జ్వరమొస్తే రాత్రంతా నిద్రపోయేది కాదు. పండొకటి ఉంటే నాకు అరటిపండంటే పడదురా అని నాకే పెట్టేసేది. బళ్లో ఎవడో కొడితే, వాడింటికెళ్లి వాళ్ల నాన్నతో తగువేసుకుంది. తనకోసం ఒక్క చీర కొనుక్కోలేదు. నన్ను ఒక్కసారీ కొట్టలేదు. ఒక్కసారీ."

అక్క చాలా శ్రద్ధగా వింది, ఎవరి కథో వింటున్నట్టు. అతని చెంపలు తువ్వాలుతో తుడిచింది.

"మంచావిడే" అంది. "పాపం, ఇప్పుడెక్కడుందో."